విప్పి చూడకుండానే 4,800 డాలర్లు

పాత క్యాంపర్ వ్యాన్‌లో ఫీనిక్స్ నుంచి గ్రాండ్ కాన్యన్‌కు వెళ్తున్నారా? దారిలో గేరు మొరాయిస్తే, కనిపించిన మొదటి ట్రాన్స్‌మిషన్ (గేరుబాక్సు) షాపులోకి మాత్రం బండి తిప్పకండి.

మాది డాడ్జ్ 3500 మీద కట్టిన 1999 క్యాంపర్, ఆటోమేటిక్. 2024 మే నెలలో మా ఆవిడ, గుంటూరు నుంచి వచ్చిన మామగారు, నేను బయలుదేరాం. ఫీనిక్స్ ఎత్తు 1,100 అడుగులు, దారిలో వచ్చే ఫ్లాగ్‌స్టాఫ్ ఊరు దాదాపు 7,000. ఐ-17 హైవే మీద క్యాంప్ వెర్డే ఊరు దాటాక వచ్చేది అసలైన ఘాట్ రోడ్డు. అక్కడ ఓవర్‌డ్రైవ్‌ను (చదును రోడ్డు మీద వేగానికి పనికొచ్చే పై గేరును) బటన్ నొక్కి ఆపాలి, ఏసీ కూడా ఆపేయాలి. అలాగే ఎక్కాం. తీరా ఫ్లాగ్‌స్టాఫ్‌లో మొదటి సిగ్నల్ దగ్గర ఆగి కదలబోతే ఇంజిన్ అరుస్తోందే తప్ప బండి లేవడం లేదు. లీవర్ డ్రైవ్‌లో పెడితే నేరుగా మూడో గేరు పడుతోంది. లీవర్ 2కు లాగితే కాస్త నయం. రివర్స్ మామూలుగానే ఉంది.

అక్కడ కనిపించిన మొదటి షాపులోకే తిప్పాం. కౌంటర్ మనిషి ఏదో పరికరం తగిలించి, అయిదు నిమిషాల్లో తీర్పు చెప్పేశాడు: ట్రాన్స్‌మిషన్ పోయింది, మొత్తం విప్పి కట్టాలి, 4,800 డాలర్లు, పది రోజులు. ఏ కోడ్ (బండి కంప్యూటర్ చూపే లోపం నంబరు) వచ్చిందని అడిగితే “చెప్పినా మీకు అర్థం కాదు” అన్నాడు. గేరుబాక్సు ఆయిల్ గేజ్ కడ్డీ కూడా బయటికి లాగలేదు. తనిఖీకి 165 డాలర్లు మాత్రం అక్కడికక్కడే గీకించాడు. “ఈ డబ్బుతో అందరం గుంటూరు వెళ్లి రావచ్చు” అని మా ఆవిడ ఒక్క మాట అని, ఆ సాయంత్రమంతా మౌనవ్రతం పట్టింది.

మామగారికి మోకాళ్ల నొప్పులు, వ్యాన్‌లో పడుకోలేరు. రూట్ 66 పక్కన మోటెల్ తీసుకున్నాం, పన్ను కాక 129 డాలర్లు. ప్రకటనలో “ప్రశాంతం” అని ఉంది. రోడ్డు అవతలే రైలు పట్టాలున్న సంగతి లేదు. గూడ్సు బండ్లు తెల్లవార్లూ మంచాలు ఊపాయి.

నిద్ర పట్టని మామగారు తెల్లవారుజామునే నన్ను లేపారు. లారీ షెడ్డులో తలపండిన మనిషి. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఆపకుండా, లీవర్ న్యూట్రల్‌లో పెట్టి కడ్డీ తీయాలి. ఈ డాడ్జ్ గేరుబాక్సుకు పార్క్‌లో పెట్టి చూస్తే లెక్క తప్పు వస్తుంది. ఆయన కడ్డీని తెల్ల కాగితం మీద అద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఎర్రటి మరక. “మాడితే వాసన దాగదు బాబూ. ఇది మాడలేదు” అన్నారు.

ఊరి తూర్పు చివర ఒంటరిగా షెడ్డు నడుపుకొనే ఇంకో మెకానిక్ దొరికాడు. కోడ్ చదివి స్క్రీన్ మావైపు తిప్పాడు: పీ1763. గవర్నర్ ప్రెషర్ సెన్సార్ (గేరు మార్పును నడిపే ఆయిల్ ఒత్తిడిని కొలిచేది) తప్పు వోల్టేజ్ చూపిస్తోంది, దాంతో కంప్యూటర్ జాగ్రత్త పడి బండిని మూడో గేరులో బిగించేసింది. ముందు వైరింగ్, కనెక్టర్ చూశాడు. తర్వాత గేరుబాక్సు కింద ఆయిల్ నిలిచే పళ్లెం, అంటే పాన్, దించాడు. అడుగున మెత్తటి బూడిదరంగు మడ్డి. మామగారు దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి ఫర్వాలేదన్నట్టు తల ఊపారు. ఇనుప రజను తగల్లేదు. సెన్సార్, సొలెనాయిడ్ (కరెంటుతో ఆ ఒత్తిడిని మార్చే వాల్వు) రెండూ పాన్ విప్పితే అందేచోటే ఉంటాయి, గేరుబాక్సు దించే పనే లేదు. విడిభాగాలు 190, ఫిల్టర్, గాస్కెట్ 40, ఆయిల్ 55, కూలి 240. మొత్తం 525 డాలర్లు. మధ్యాహ్నానికి బండి చేతికొచ్చింది, మా ఆవిడకు మాటా వచ్చింది.

నల్లబడిన ఆయిల్, మాడు వాసన, పాన్‌లో లోహపు ముక్కలు ఉంటే 4,800 అడగడం న్యాయమే కావచ్చు. అవి చూపించకుండా అడిగితే లేచి వచ్చేయండి. 1996 తర్వాతి బండ్లకు కోడ్ చదివే చిన్న పరికరం పాతిక డాలర్లకు దొరుకుతుంది. ఈ బండి గేరుబాక్సులో ఏటీఎఫ్ ప్లస్ 4 రకం ఆయిలే పోయాలి. చవకని డెక్స్రాన్ అనే ఇంకో రకం పోయనివ్వకండి.

గ్రాండ్ కాన్యన్ బాగుంది. మేం వెళ్లిన 2024లో ప్రవేశం బండికి 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లేది. మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు కనెక్షన్ ఉండదు, అది కావాలంటే ట్రైలర్ విలేజ్ అనే ఇంకో క్యాంప్‌గ్రౌండ్ ఉంది.

165 డాలర్ల మీద కార్డు కంపెనీకి ఫిర్యాదు చేశాను. రసీదులో “తనిఖీ రుసుము” అని ఉంది కాబట్టి తిరిగి ఇవ్వరట. తాళం చెవి ఇచ్చేముందే ఆ రుసుముకు ఏమేం చూస్తారో కాగితం మీద రాయించుకోండి.