43 అంగుళాల స్మార్ట్ టీవీ, ఏడాది వాడాక: చిన్నపిల్లలున్న ఇళ్లవాళ్లు చదవండి

పోయినేడు సంక్రాంతి ముందు నెల్లూరు ట్రంకు రోడ్డులో కొన్నాం. కంపెనీ పేరు రాయడం లేదు, నేను చెప్పేది ఏ కంపెనీ టీవీకైనా సరిపోతుంది. గోడకు బిగించడంతో కలిపి 27 వేలయింది. బొమ్మ బాగుంది, సౌండ్ మా హాలుకు చాలు, ఇప్పటిదాకా రిపేరు రాలేదు.

మేం ఇష్టపడి కొన్నది పిల్లల ప్రొఫైల్ చూసి. పిన్ పెట్టుకోవచ్చు, రోజుకు ఎంతసేపో పెట్టుకోవచ్చు, ఆ టైమ్ అయిపోతే దానంతటదే ఆగిపోతుంది అని షాపు అబ్బాయి చూపించాడు. మా పాపకు అప్పుడు ఏడాదిన్నర. మా ఆయన రొయ్యల గుంటల దగ్గర ఉంటారు, ఇంటికి ఎప్పుడొస్తారో తెలియదు, నేనూ అత్తమ్మా పనిలో ఉంటే పాప ముందు రైమ్స్ పెట్టేసేవాళ్లం. పప్పన్నం ముద్ద నోట్లోకి పోవాలంటే టీవీ ఉండాల్సిందే. నోరు తెరిచేది, మింగేది, కళ్లు మాత్రం తెర మీదే. సాయంత్రం తన టైమ్ అయిపోయాక మా ప్రొఫైల్‌లో సీరియల్స్ నడిచేవి, పాప చూడట్లేదు కదా, బొమ్మలతో ఆడుకుంటోంది కదా అనుకున్నాం.

రెండేళ్లు దాటినా అమ్మ, అవ్వ, పాలు, బౌ బౌ, అంతే. పొగతోటలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ముందు చెవులు పరీక్ష చేయించారు, బాగానే ఉన్నాయి. తర్వాత ఆమె అడిగింది పాప ఎంతసేపు టీవీ చూస్తుందని కాదు, "ఇంట్లో టీవీ ఎంతసేపు ఆన్‌లో ఉంటుందమ్మా?" అని. ఇంటికొచ్చి లెక్కేస్తే ఏడు గంటలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దని, బంధువులతో వీడియో కాల్ వరకు పర్వాలేదని, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దని, అదీ పెద్దవాళ్లు పక్కనే ఉండాలని మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, చెప్తోంది. తర్వాత చదివిన ఇంకో విషయం నన్ను ఎక్కువ బాధపెట్టింది. 2009లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో చిన్నపిల్లలకు రికార్డర్లు తగిలించి చూస్తే, టీవీ వినిపించిన ప్రతి గంటకూ పెద్దవాళ్ల నోటినుంచి పిల్లలు వినే మాటలు దాదాపు 770 తగ్గాయట. మా ఇంట్లో సాయంత్రాలు సరిగ్గా అలాగే గడిచాయి. టీవీ మాట్లాడుతూనే ఉంటుంది, కానీ పాప "బౌ" అంటే "ఆ, కుక్క! ఎక్కడుందే కుక్క?" అని తిరిగి అడగదు. ఒకరోజు రిమోట్ మైకు నొక్కి "ఏను, ఏను" అంటోంది, తెర మీద ఏదో సినిమా పాట వచ్చింది. ఏనుగు అంటోందని పక్కనున్న నాకు అర్థమైంది.

పిల్లల ప్రొఫైల్‌కు ఉన్న ఆ పిన్, టైమ్ లాక్ చెడ్డదేం కాదు, పెట్టిన టైముకు ఆగుతుంది. ఆటోప్లే మాత్రం కొన్న రోజే ఆపేయండి, లేకపోతే ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. అసలు లోపం, లాక్ పాప ప్రొఫైల్‌కే. మనం పెట్టుకునే సీరియల్‌ను అది లెక్కలోకి తీసుకోదు, ఆ లెక్క మనమే చూసుకోవాలి.

"పొద్దంతా చాకిరీ చేసి ఒక్క సీరియల్ చూసుకుంటే తప్పా తల్లీ" అన్నారు అత్తమ్మ. తప్పు కాదు, ఆమెకున్న కాలక్షేపం అదొక్కటే. అందుకే రాత్రి పాప పడుకున్నాక యాప్‌లో ఆ రోజు ఎపిసోడ్లు పెట్టిస్తున్నా. అన్నం మేడ మీదికి మార్చాం. మొదటి నాలుగు రోజులు ఒకటే ఏడుపు, ముద్ద ముట్టలేదు, నాకూ ఏడుపొచ్చింది. ఐదో రోజు కాకిని చూస్తూ నాలుగు ముద్దలు తింది. స్పీచ్ థెరపీ కూడా నడుస్తోంది, మాట ఆలస్యం ఒక్క టీవీ వల్లే అని డాక్టరమ్మ అనలేదు. ఇప్పుడు "అవ్వా, కాకి పోయింది" అంటోంది, అత్తమ్మ ఆ మాట ఫోన్‌లో ఊళ్లో అందరికీ వినిపించారు.

టీవీకి నాలుగు స్టార్లు, పిల్లల లాక్‌కు రెండున్నర. మీ ఇంట్లో రెండేళ్లలోపు బిడ్డ ఉంటే పడగ్గదిలో, అన్నం తినే చోట మాత్రం బిగించుకోకండి. మేం హాల్లో అన్నం తినే చాపకు ఎదురుగానే బిగించాం, ఇప్పుడు తీయిద్దామంటే గోడకు నాలుగు రంధ్రాలు.