నోర్బులింగ్కా తంగ్కాలు: ధర ఎక్కువే, పని అంతకు తగినదే

హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాల ఊరికి దిగువన సిద్ధ్‌పూర్‌లో ఉన్న నోర్బులింగ్కా సంస్థకు వెళ్తే దుకాణంలోకి తర్వాత వెళ్ళొచ్చు, ముందు వర్క్‌షాపులు చూడండి. టిబెటన్ కళలు ప్రవాసంలో అంతరించిపోకూడదని 1988లో మొదలైన సంస్థ ఇది. లాసాలో దలైలామాల వేసవి విడిది పేరే దీనికీ పెట్టారు. ఆదివారం పని ఉండదు కాబట్టి మామూలు రోజున వెళ్ళాలి.

తంగ్కా అంటే గుడ్డమీద వేసి, చుట్టి పెట్టుకోగలిగే టిబెటన్ బౌద్ధ చిత్రం. ఆ గదిలో కాసేపు నిలబడితే ధర ఎందుకంత ఉంటుందో తెలుస్తుంది. నూలు గుడ్డను చట్రానికి బిగించి కుడతారు. సుద్దపొడిలో తోలు జిగురు కలిపి రెండు వైపులా పూస్తారు. ఆరాక తడి చేస్తూ నున్నటి రాయితో రుద్దుతారు. జిగురు మోతాదు ఎక్కువైతే పూత పెళుసుబారి, చుట్టినప్పుడు పగులుతుంది. తక్కువైతే పొడిగా రాలుతుంది. తంగ్కా ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది, కొనేవాళ్ళు మాత్రం దీన్ని గమనించరు. ఆ తర్వాత కొలత గీతలు. బుద్ధుడి రూపానికి 125 వేలి వెడల్పుల ప్రమాణం ఉంది, చిత్రకారుడికి నచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. ఖనిజపు రంగుల్లో ఆకుపచ్చకు మాలకైట్, నీలానికి అజురైట్, ఎరుపుకు ఇంగిలీకం. చివర్లో బంగారు పూత, దాన్ని రాతి మొనతో రుద్ది మెరుగుపెట్టడం. కళ్ళు దిద్దేది అన్నిటికన్నా ఆఖరున.

ధర్మశాల ఎగువన ఉన్న మెక్లియోడ్‌గంజ్ వీధుల్లో ఇంతకంటే చాలా చవగ్గా దొరుకుతాయి. వాటిలో అచ్చు వేసి పైపైన రంగు దిద్దినవీ కలిసి ఉంటాయి. భూతద్దం పెట్టి చూడండి: గీతలు సన్నని చుక్కలుగా విడిపోతే అది అచ్చే. రంగంతా ఒకే తీరున ప్లాస్టిక్‌లా మెరుస్తుంటే యాక్రిలిక్ అని అనుమానించండి. ఖనిజపు రంగు మెరవదు, పక్కనుంచి చూస్తే కాస్త గరుకుగా కనిపిస్తుంది. వీలైతే పట్టు అంచు కుట్టకముందే వెనకవైపు కూడా చూపించమని అడగండి. చాలా తంగ్కాలకు వెనకవైపు, దేవతామూర్తి నుదురు, కంఠం, గుండెలకు సరిగ్గా వెనుక ఓం, ఆః, హూం అక్షరాలు రాసి ఉంటాయి.

నోర్బులింగ్కాలో ఉన్న ఇబ్బంది ఎదురుచూపు. కోరిన దేవత, కోరిన కొలతలో కావాలంటే నెలలు పడుతుంది. తొందర ఉన్నవాళ్ళు సిద్ధంగా ఉన్నవాటిలో ఎంచుకోవడమే మేలు. పెద్ద కొలతలో అవకతవక పని కంటే చిన్న కొలతలో మంచి పని కొనండి.

ఇంటికి తెచ్చాక తడిగుడ్డతో మాత్రం తుడవకండి. రంగును పట్టి ఉంచేది నీటిలో కరిగే జిగురు, గుడ్డతో పాటే రంగూ వచ్చేస్తుంది. దుమ్ముకు మెత్తటి పొడి కుంచె చాలు. ఎండ తగిలే గోడా, వంటింటి గోడా పనికిరావు. చుట్టాల్సివస్తే కింది కర్ర నుంచి వదులుగా పైకి చుట్టండి, మడత మాత్రం వద్దు. తేమ ఎక్కువగా ఉండే ఊళ్ళో ఉండేవాళ్ళు ఇదే సంస్థ తయారుచేసే పట్టు ముక్కల తంగ్కాలు చూడొచ్చు. గుర్రపు వెంట్రుకలకు పట్టుదారం చుట్టి, ఆ తీగలతో అంచులు తీరుస్తారు. రాలడానికి అందులో రంగే ఉండదు, చుట్టి పెట్టినా పెద్దగా చెడదు, పురుగు పట్టకుండా చూసుకుంటే చాలు.