వనౌటు ఏజెంట్లా, తైమూర్ జాబితానా?

పరాయి దేశపు తోటల్లో పనికి మనుషుల్ని పంపడంలో వనౌటు, తూర్పు తైమూర్ అనే ఈ రెండు చిన్న ద్వీప దేశాలవి రెండు దారులు.

వనౌటు 2007లోనే సీజనల్ ఉపాధి చట్టం చేసి, లైసెన్సున్న ఏజెంట్లకు తలుపులు తెరిచింది. న్యూజిలాండ్ ద్రాక్షతోట యజమానికి మనుషులు కావాలంటే ఏజెంట్ ఊళ్లోకి వెళ్తాడు, ఊరిపెద్దతో మాట్లాడతాడు, జట్టును కుదురుస్తాడు. ఆ చురుకుతోనే సుమారు 3 లక్షల జనాభా దేశం న్యూజిలాండ్‌కు ఎక్కువమందిని పంపేవాటిలో ముందు వరుసకు చేరింది. కానీ ఏజెంట్ ఎంత పుచ్చుకున్నాడు, ఒకే ఊళ్లో మగవాళ్లందరినీ లాగేశాడా అని చూసే సిబ్బంది తక్కువ. గల్ఫ్ ఏజెంట్ల గురించి తెలిసిన నిజామాబాద్, కరీంనగర్ వాళ్లకు ఇది వేరే చెప్పాలా!

తూర్పు తైమూర్‌లో ఆ పని సర్కారుదే. ఇంగ్లిష్, ఒంటి సత్తువ పరీక్షించి జాబితా తయారుచేస్తే, ఆస్ట్రేలియా యజమానులు అందులోంచి ఎంచుకుంటారు. దళారీ బెడద తక్కువ. అయితే మొదట్లో చాలా నెమ్మది: 2012లో ఆస్ట్రేలియా సీజనల్ పథకంలో చేరినా తొలి ఏళ్లలో వెళ్లింది కొద్దిమందే. పైగా పేరు ఎక్కినా పిలుపు రాక ఎదురుచూసేవాళ్ల టెన్షన్ ఒకటి.

నా మొగ్గు జాబితావైపే. కాకపోతే మారుమూల దీవులకు అందులో కోటా ఉండాలి, ఏజెంట్లు ఉంటే ఫీజు యజమానే కట్టాలి.