లిక్ అబ్జర్వేటరీ: పగలు వెళ్లాలా, రాత్రి వెళ్లాలా?

శాన్ హోసే నుంచి తూర్పుకు చూస్తే కొండ కొనమీద తెల్లటి గుమ్మటాలు కనిపిస్తాయి. అదే మౌంట్ హామిల్టన్, ఎత్తు సుమారు 4,200 అడుగులు. పైనున్న లిక్ అబ్జర్వేటరీ, అంటే టెలిస్కోపులతో ఆకాశాన్ని పరిశీలించే కేంద్రం, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాది. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి, గోల్డెన్ గేటూ లివర్‌మోర్ గుడీ అయిపోయాక ఇంకేం చూపించాలా అనుకునేవాళ్లకు మంచి చోటే. కాకపోతే ఆ రోడ్డు అందరికీ పడదు.

రోడ్డు సంగతే ముందు. ఆలమ్ రాక్ అవెన్యూ దాటి మౌంట్ హామిల్టన్ రోడ్డు ఎక్కాక పైకి దాదాపు 19 మైళ్లు, గంట పడుతుంది. 365 మలుపులంటారు. 1876లో గుర్రపు బండ్ల మీద సామాను చేరవేయడానికి వేసిన దారి ఇది. గుర్రాలు లాగగలిగేంత వాలే ఉండాలని కొండను చుట్టిచుట్టి తీసుకెళ్లారు. అందుకే ఎక్కుడు పెద్దగా తెలియదు, కడుపులో తిప్పడం మాత్రం బాగా తెలుస్తుంది. పోనీ నేరుగా ఎక్కుతుందా అంటే అదీ లేదు: గ్రాంట్ పార్కు దగ్గరొకసారి, స్మిత్ క్రీక్ దగ్గర ఇంకోసారి కిందికి దిగి మళ్లీ ఎక్కుతుంది. వాంతులయ్యే పెద్దవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టండి. మాత్ర వేసేదుంటే ఇంట్లోనే వేయాలి, సగం దారిలో వేస్తే ఫలితం ఉండదు. ఫోన్ మ్యాప్ క్విమ్బీ రోడ్డు మీదుగా పొమ్మంటే వినకండి. అది ఇరుకు, బాగా నిటారు. శని, ఆదివారాల్లో సైకిళ్లవాళ్లు ఎక్కువ, మలుపులో దాటబోవద్దు. దిగేటప్పుడు తక్కువ గేరులో రండి, బ్రేకు తొక్కుతూనే ఉంటే వేడెక్కి పట్టు తప్పుతుంది.

పైన హోటల్ లేదు, పెట్రోలు బంకు లేదు. ట్యాంకు నింపుకొని, పులిహోరో చపాతీలో కట్టుకొని వెళ్లడమే. కిందకంటే పైన చలి, స్వెట్టరు మరవొద్దు. శీతకాలంలో మంచు పడితే రోడ్డే మూసేస్తారు. తెరిచే రోజులూ వేళలూ మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ఉదయం అబ్జర్వేటరీ వెబ్‌సైటు చూడటం తప్పనిసరి.

పగటి సందర్శనలో టెలిస్కోపులో కన్ను పెట్టి చూసేదేమీ ఉండదు. ఇది తెలియక వచ్చి ఉసూరుమనేవాళ్లే ఎక్కువ. చూడాల్సింది యంత్రాన్ని. పాత భవనంలో 36 అంగుళాల కటకమున్న దూరదర్శిని, 1888 నాటిది, గొట్టం పొడవే 57 అడుగులు. అది ఆకాశంలో ఎటు తిరిగిందన్న దాన్ని బట్టి కన్ను పెట్టే చివర ఎత్తు మారుతుంది. ఆ ఎత్తును అందుకోవడానికి గది నేలే లిఫ్టులా లేచి దిగేలా కట్టారు. బృహస్పతి చంద్రుడు అమల్థియాను ఖగోళ శాస్త్రవేత్త బార్నార్డ్ 1892లో దీనిలోంచే, కంటితోనే, పట్టుకున్నాడు. అబ్జర్వేటరీకి డబ్బిచ్చిన జేమ్స్ లిక్ సమాధి ఈ దూరదర్శిని స్తంభం కిందే ఉంది. గైడ్ చెప్పేది పూర్తిగా వినండి.

చాలామంది ఇక్కడ ఫోటోలు దిగి వెనక్కి తిరుగుతారు. అది పొరపాటు. కొద్ది దూరం నడిస్తే షేన్ టెలిస్కోపు, దీనిలో కటకం బదులు 120 అంగుళాల అద్దం. పరిశోధనలో ఇది నేటికీ పనిచేస్తోంది. కటకాన్ని అంచుల దగ్గరే పట్టుకోగలం, పెద్దదయ్యేకొద్దీ తన బరువుకే వంగుతుంది. అద్దానికైతే వెనకంతా ఆధారం పెట్టొచ్చు. పక్కపక్కనే ఉన్న ఈ రెండింటిని చూస్తే ఆ తేడా బొమ్మ గీసినట్టు అర్థమవుతుంది. దీని అద్దపు దిమ్మను మొదట దక్షిణ కాలిఫోర్నియాలోని పాలమార్ అబ్జర్వేటరీ 200 అంగుళాల అద్దాన్ని పరీక్షించడానికి పోతపోశారు. అదే ఇక్కడ 1959 నుంచి పనిలో ఉంది. సందర్శకులను గాజు గోడ ఇవతలే ఆపుతారు. గుమ్మటం లోపల వేడి చేరితే రాత్రి గాలి కదిలి నక్షత్రం చెదిరిపోతుంది, మనుషుల ఒంటి వేడీ అందులో భాగమే. గ్యాలరీ తెరిచి ఉందో లేదో పాత భవనంలో అడిగి కదలండి.

ఈ టెలిస్కోపుకు పెద్ద బెడద కిందున్న ఊరి వెలుగే. పూర్వం శాన్ హోసేలో పసుపు సోడియం వీధి దీపాలు పెట్టారు. వాటి కాంతి దాదాపుగా ఒకే రంగులో, 589 నానోమీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి వడకట్టేయడం తేలిక. తెల్ల ఎల్‌ఈడీల వెలుగు అన్ని రంగుల్లోకీ పరుచుకుంటుంది, దాన్ని తీసేయడం కష్టం. అదే సోడియం రంగు లేజర్‌ను 90 కిలోమీటర్ల ఎత్తున గాల్లో ఉండే సోడియం పొర మీదికి కొట్టి కృత్రిమ నక్షత్రం చేసి, గాలి చేసే చెరుపును సరిదిద్దే పద్ధతిని కూడా ఈ కొండమీదే సాధన చేశారు.

రాత్రి కార్యక్రమాలు వేసవిలో, టికెట్టుతో. 36 అంగుళాల దానిలో చూడనిస్తారు గానీ వరుసలో చాలాసేపు నిలబడాలి, నిచ్చెన మెట్లెక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, చిన్నపిల్లలకు పనికిరాదు. మబ్బు పట్టిందా, ఇక ఏమీ కనిపించనట్టే. పైగా ఆ మలుపులన్నీ చీకట్లో దిగాలి, జింకలు అడ్డొస్తాయి. పెద్దవాళ్లతో అయితే పగలే నయం. గ్రహాలంటే పిచ్చి ఉన్న పదిహేనేళ్ల పిల్లవాడితో అయితే రాత్రి టికెట్టు కోసం పోటీపడొచ్చు.

బస కొండమీద పరిశీలకులకూ సిబ్బందికీ మాత్రమే. దారిలో గ్రాంట్ కౌంటీ పార్కులో డేరా స్థలాలున్నాయి, ముందే బుక్ చేసుకోవాలి. రాత్రి కార్యక్రమం ముగిశాక మొత్తం కొండ దిగే బాధ తప్పుతుంది. టెంటు అలవాటు లేనివాళ్లు మిల్పిటాస్‌లోనో శాన్ హోసేలోనో దిగి, మధ్యాహ్నానికి పైకి చేరడం సుఖం.

తిరుగుదారిలో లివర్‌మోర్ గుడికి వెళ్దామనుకుంటే కొండ అవతల శాన్ ఆంటోనియో వ్యాలీ, మైన్స్ రోడ్డు మీదుగా దారుంది. ఇటు వైపు కంటే నిర్మానుష్యం. ఫోన్ సిగ్నలు చాలా మేర ఉండదు, బంకు లివర్‌మోర్‌లోనే. వసంతంలో పూలు చూడటానికైతే వెళ్లండి. పొద్దు వాలాక మాత్రం వచ్చిన దారినే దిగండి.