నాలుగేళ్లుగా బొంత ముక్కలు కలుపుతున్న 50 నంబరు నూలు దారం

పాలిస్టర్ దారమంటే నాకు పడదు. ముందే చెప్పేస్తున్నాను. దానితో రెండు బొంతలు కుట్టాను. నాలుగు కుట్లకో చిక్కు, అది విప్పేసరికి సీరియల్ అయిపోయేది. విశాఖ పూర్ణా మార్కెట్లో ఈ 50 నంబరు, రెండు పేటల నూలు దారం దొరికాక ఆ గొడవ తీరింది. ఎనిమిది మొనలు ఒకచోట కలిసే నక్షత్రం కుట్టినా మధ్యలో బొడిపె లేవదు. ఇస్త్రీ తగిలితే మడత చక్కగా అణిగిపోతుంది. బూడిద రంగు రీలు ఒక్కటుంటే దాదాపు ఏ చీర ముక్కకైనా సరిపోతుంది. మా వదిన చేత కూడా కొనిపించాను.

పోయిన వానాకాలంలో మనవరాలి బొంత మొదటిసారి ఉతికి డాబా మీద ఆరేశాను. తీయబోతే రెండు వరసలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. గుడ్డ ఎక్కడా చిరగలేదు, దారమే పుటుక్కుమంది. కొట్టతను మోసం చేశాడనుకుని రీలు పట్టుకుని ఆటో ఎక్కాను. అతను కొత్త రీలు తెరిచి లాగితే వేలు కోసుకుంది గానీ దారం తెగలేదు. నాది ఇలా లాగితే అలా తెగింది. "ఎక్కడ పెడుతున్నారమ్మా?" అన్నాడు. అప్పుడు చూశాను, రీలు ఒకవైపు వెలిసిపోయి ఉంది. మాది సముద్రం వైపు ఫ్లాట్, తెల్లారితే హాలంతా ఎండే. రంగులు అందంగా ఉన్నాయని రీళ్లన్నీ గాజు సీసాలో పోసి ఆ కిటికీలోనే పెట్టాను. ఎండకి నూలు చివికిపోతుందని చీరల విషయంలో తెలుసు, దారం విషయంలో తట్టలేదు. వదిన రీలు బీరువాలో ఉంది, ఇప్పటికీ గట్టిగానే ఉంది.

మూడు వారాలు పట్టింది మళ్లీ కుట్టడానికి. ఇప్పుడు రీళ్లు బిస్కెట్ల డబ్బాలో ఉంటున్నాయి. చిక్కు పడదన్నాను కదా, మూరెడు మించి తీస్తే ఇదీ పడుతుంది. తేనెమైనం మీద ఓసారి లాగితే నయం.

నేను రాత్రిపూట ఓ గంట, మెత్తబడ్డ పాత చీరలతో కుట్టుకునే మనిషిని. నాకిది చాలు. రోజూ వాషింగ్ మెషిన్లో పడే పసిపిల్లల బొంతకైతే దీనికంటే లావుగా ఉండే 40 నంబరు తీసుకుంటాను, మనవరాలికి రెండోసారి దానితోనే కుట్టాను. అన్నట్టు, ఆ సీసాలో పాత పాలిస్టర్ రీలు కూడా ఒకటుంది, నూలు రీళ్లకంటే ముందు నుంచీ ఆ కిటికీలోనే. లాగి చూశాను. తెగలేదు.