ఆబర్న్ వీధి నుంచి మాంట్గమరీ దాకా

అట్లాంటాకు వచ్చే మనవాళ్ళు అక్వేరియం, కోకాకోలా మ్యూజియం చూసి, వేళ మిగిలితే మార్టిన్ లూథర్ కింగ్ సమాధి దగ్గర ఫొటో దిగి వెళ్ళిపోతారు. ఆ సమాధి ఉన్న ఆబర్న్ అవెన్యూకు ఒక రోజంతా ఇవ్వండి, మరో రెండు రోజులు అలబామా వైపు వెళ్ళండి అని గట్టిగా చెబుతాను. కింగ్ ఉపన్యాసాలు లోకానికి తెలుసు. ఆయనకు వేదిక, పత్రిక, రేడియో, చివరికి బీమా కూడా సమకూర్చిపెట్టిన మనుషులు ఎందరో ఉన్నారు. వాళ్ళు కట్టినవి కళ్ళారా చూడాలంటే ఈ దారి పట్టాలి.

మా అబ్బాయి ఉండే ఆల్ఫరెట్టా వరకు రైలు లేదు. నార్త్ స్ప్రింగ్స్ స్టేషన్‌లో కారు ఉంచి, ఫైవ్ పాయింట్స్‌లో రైలు మారి, కింగ్ మెమోరియల్ స్టేషన్‌లో దిగి నడిచాం. నగరం నడిబొడ్డున పార్కింగ్ వెతుక్కునే బాధ తప్పింది.

కింగ్ స్మారక ప్రాంతంలో ప్రవేశం ఉచితం. 1929 జనవరి 15న ఆయన పుట్టిన ఇల్లు మేము వెళ్ళినప్పుడు మరమ్మతుల్లో ఉండడంతో బయటి నుంచే చూశాం. నీటి కొలను మధ్య కింగ్, కొరెట్టా దంపతుల పాలరాతి సమాధి. సందర్శకుల కేంద్రం ఆవరణలో భారతదేశం బహూకరించిన గాంధీ విగ్రహం ఉంది. కింగ్ 1959లో మన దేశానికి వచ్చిన సంగతి అక్కడి ఉద్యోగి మాకు ఎంతో ఓపికగా చెప్పారు. చాలామంది ఇక్కడితో వెనుదిరుగుతారు. అసలు నడక ఇక్కడి నుంచి పడమటికి.

బానిసగా 1858లో పుట్టిన అలొంజో హెర్న్‌డన్ క్షౌరవృత్తితో ఎదిగాడు. శ్వేతజాతి ధనికులు వచ్చే ఆయన సెలూన్‌లో తోటి నల్లవారికి మాత్రం సేవ దొరికేది కాదు. 1905లో జార్జియా రాష్ట్ర ప్రభుత్వం బీమా సంస్థలన్నీ 5,000 డాలర్ల డిపాజిట్ కట్టాలన్నప్పుడు, చర్చిల ఆధ్వర్యంలో నడిచే చిన్న సహాయ సంఘం ఒకటి కట్టలేక ఆయన చేతికి వచ్చింది. అదే ఈ వీధిలోని అట్లాంటా లైఫ్ బీమా సంస్థ అయింది, ఆయనను నగరంలోని తొలి నల్లజాతి కోటీశ్వరుణ్ణి చేసింది. ఈ వీధిలోనే నల్లజాతి మేసన్ల సోదర సంఘానికి చెందిన ప్రిన్స్ హాల్ మేసానిక్ భవనం ఉంది. నల్లజాతి యజమాని నడిపిన తొలి అమెరికన్ రేడియో కేంద్రం డబ్ల్యూఈఆర్‌డీ 1949లో ఆ యాజమాన్యం కిందికి వచ్చి ఇక్కడి నుంచే పలికింది. కింద కింగ్ నడిపిన పౌరహక్కుల సంస్థ కార్యాలయం. ఆయన చీపురుకర్రతో పైకప్పును తడితే పైనుంచి మైకు దిగేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1956లో ఫార్చ్యూన్ పత్రిక ఆబర్న్ అవెన్యూను ప్రపంచంలోనే అత్యంత సంపన్నమైన నల్లజాతి వీధి అని రాసింది.

అలాంటి వీధిని చీల్చుకుంటూ హైవే వేశారు. ఆ వంతెన కింద లారీల హోరులో నిలబడితే కడుపు రగిలిపోతుంది. దానికి దగ్గర్లోనే ఈ వీధి నల్లజాతి నాయకుడు జాన్ వెస్లీ డాబ్స్ ముఖశిల్పం ఉంది, వెనక్కు వెళ్ళి ఆయన కళ్ళలోంచి వీధిని చూడవచ్చు. ఆయన మనవడు మేనార్డ్ జాక్సన్ 1973లో అట్లాంటా తొలి నల్లజాతి మేయర్‌గా గెలిచి, విమానాశ్రయ నిర్మాణ కాంట్రాక్టుల్లో 25 శాతం మైనారిటీ సంస్థలకు దక్కాలని పట్టుబట్టి సాధించాడు. మనం దిగే ఆ విమానాశ్రయం పేరులోని జాక్సన్ ఆయనే.

మర్నాడు కారులో అలబామాలోని టస్కీగీ. రెండు గంటల ప్రయాణం. అలబామాలో గడియారం ఒక గంట వెనక్కు జరుగుతుంది. మ్యూజియంల వేళలు ఫోన్ చేసి కనుక్కున్నాకే బయలుదేరండి. భోజనానికి పెద్దగా దుకాణాలు కనబడలేదు, వెంట తీసుకెళ్ళిన పులిహోరే ఆదుకుంది.

ఈ యాత్రలో ఒక్కచోటుకే వీలుందంటే నేను టస్కీగీనే ఎంచుకుంటాను. నల్లజాతి విద్యార్థుల కోసం 1881లో నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ ఇక్కడ మొదలుపెట్టిన విద్యాసంస్థకు విద్యార్థులే ఇటుకలు కాల్చి గోడలు లేపారు. నమూనాలు గీసిన రాబర్ట్ టేలర్ ఎంఐటీ నుంచి పట్టా పొందిన తొలి నల్లజాతీయుడు. జాతి వివక్షతో వాషింగ్టన్ రాజీపడ్డాడన్న నల్లజాతి మేధావి డూబోయిస్ విమర్శ వైపే నా మనసు మొగ్గుతుంది. అయినా ఆ ఎర్రటి గోడల మధ్య నడిచాక వాషింగ్టన్‌ను తేలిగ్గా తీసిపారేయలేం.

ఒకప్పుడు బట్టలుతికే లాండ్రీగా వాడిన భవనంలో, ఇక్కడ పనిచేసిన వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ మ్యూజియం ఉంది. పత్తి ఒక్కటే వేసి సారం పోయిన నేలలకు వేరుశనగ, అలసంద, చిలగడదుంప వేయమన్నాడాయన. 1906లో గుర్రపుబండి మీద పాఠాన్ని పొలానికే పంపారు. మాది అనంతపురం జిల్లా. ఏళ్ళ తరబడి వేరుశనగ ఒక్కటే వేసి నష్టపోయిన ఊళ్ళు మావి. పంట మార్చమన్న ఆయన మాట అందుకే నన్ను అంతగా పట్టుకుంది. నల్లజాతి పైలట్లు శిక్షణ పొందిన మోటన్ ఫీల్డ్ పక్కనే ఉంది, పిల్లలకు అది బాగా నచ్చుతుంది.

మాంట్గమరీలో బస చేసిన హోటల్ గది శుభ్రంగా ఉంది, మ్యూజియంలకు నడిచి వెళ్ళవచ్చు. పార్కింగ్ రుసుము వేరని మాత్రం బిల్లు చేతికిచ్చేదాకా చెప్పలేదు. రాత్రి ఎనిమిదికే వీధులు ఖాళీ. శాకాహారులు ఒక మాట గుర్తుంచుకోవాలి: ఇక్కడి ఆకుకూరల్లో తరచూ పంది మాంసం వేసి వండుతారు, అడిగి తినండి.

లెగసీ మ్యూజియం, మూక హత్యలకు బలైన నల్లజాతివారి స్మారకం, శిల్పాల ఉద్యానవనం మూడింటికీ కలిపి అయిదు డాలర్లే. వాటి మధ్య బస్సు వారే నడుపుతారు. సోమ, మంగళవారాల్లో సెలవు. స్మారకంలో ఎనిమిది వందలకు పైగా ఉక్కు దిమ్మెలు. నడుస్తుంటే నేల దిగిపోతూ అవి తలపైకి చేరతాయి. చిన్న పిల్లలను అక్కడికి తీసుకెళ్ళకండి.

ఇక్కడి బస్సులో శ్వేతజాతీయుడికి సీటు వదలనన్న రోసా పార్క్స్ పేరు అందరికీ తెలుసు. ఆమెను అరెస్టు చేసిన రాత్రే వేల కరపత్రాలు అచ్చువేసిన అధ్యాపకురాలు జో ఆన్ రాబిన్సన్ పేరు ఎంతమందికి తెలుసు? దానికి నిరసనగా నల్లజాతివారు 381 రోజులు బస్సులెక్కకుండా ఉండడానికి చర్చిలు కార్లు నడిపాయి. ఆ కార్ల బీమాను స్థానిక కంపెనీలు రద్దు చేస్తే, అట్లాంటాకు చెందిన నల్లజాతి బీమా వ్యాపారి టి.ఎం. అలెగ్జాండర్ లండన్‌లోని లాయిడ్స్ నుంచి తెప్పించి పెట్టాడు. అందుకే ముందు ఆబర్న్ వీధి చూసి ఇక్కడికి రమ్మంటాను. ఓటు హక్కు కోసం ఊరేగింపులు జరిగిన సెల్మా కూడా చూడాలనుకునేవారు ఇంకో పూట కలుపుకోండి, ఇక్కడి నుంచి గంట దారి.