హెచ్610 చవక మదర్‌బోర్డు, మూడేళ్ల వాడకం: క్రాష్ అయిన ప్రతిసారీ తప్పు బోర్డుదేనా?

హెచ్610 చిప్‌సెట్‌తో వచ్చే బోర్డుల్లో అన్నిటికంటే కింది రకం, దాని మీద ఐ5-12400 ప్రాసెసర్, రెండు 8 జీబీ డీడీఆర్4 ర్యామ్‌లు. ఎక్సెల్, బ్రౌజర్, వీడియో కాల్స్, రోజుకు తొమ్మిది పది గంటలు. మూడేళ్లయ్యాక కూడా స్పీడు గురించి ఫిర్యాదు లేదు. ఉన్న ఫిర్యాదల్లా అప్పుడప్పుడు చెప్పాపెట్టకుండా పడిపోవడం గురించే. ఇలాంటి బోర్డులో అలా జరిగితే అందరి వేలూ ముందు బోర్డునే చూపిస్తుంది. సగం సార్లు తప్పు దానిది కాదు. దానిదే అయినప్పుడు కూడా చాలావరకు బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే, బోర్డు సొంత సెట్టింగ్స్‌లో) రెండు అంకెలు మారిస్తే సర్దుకుంటుంది.

ఏ పార్టూ కొనకముందు విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరవండి, మెషీన్‌లో జరిగినవన్నీ అందులో రాసి ఉంటాయి. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ కింద కెర్నల్-పవర్ 41 అని ఒక ఎంట్రీ ఉంటుంది. పేరులో పవర్ అని కనబడగానే ఎస్‌ఎంపీఎస్ (మెషీన్‌కు కరెంటు అందించే పెట్టె) మార్చేసేవాళ్లు బోలెడుమంది. ఆ ఎంట్రీ చెప్పేది ఒక్కటే: మెషీన్ పద్ధతిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని. అసలు సంగతి డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్‌కోడ్ దగ్గర ఉంటుంది. అక్కడ 0 ఉంటే విండోస్‌కు బ్లూ స్క్రీన్ వివరాలు రాసుకునే వ్యవధి కూడా దొరకలేదన్నమాట. కరెంటు తెగి ఉండాలి, లేదా గట్టిగా హ్యాంగ్ అయి ఉండాలి. 0 కాకపోతే అది స్టాప్ కోడే (బ్లూ స్క్రీన్ మీద వచ్చే ఎర్రర్ నంబరే), కానీ మామూలు దశాంశ సంఖ్యలో ఉంటుంది. బ్లూ స్క్రీన్ మీద కనబడేది హెక్సాడెసిమల్ (పదహారు అంకెల పద్ధతి) కాబట్టి ఉన్నదున్నట్టు వెతికితే తప్పుడు జవాబులు వస్తాయి. 292 అంటే హెక్స్‌లో 124, అంటే హార్డ్‌వేర్ తన తప్పు తానే ఒప్పుకున్నట్టు. 26 అయితే మెమరీ మేనేజ్‌మెంట్. 10, 80 వస్తే ర్యామ్ గానీ డ్రైవర్ గానీ. 122, 239 వస్తే ముందు డిస్కు వైపు చూడాలి. దాని కిందే పవర్‌బటన్‌టైమ్‌స్టాంప్ కూడా చూడండి. అది 0 కాకుండా ఉంటే ఎవరో పవర్ బటన్ నొక్కి పట్టుకున్నారు. అంటే మెషీన్ తనంతట తాను రీస్టార్ట్ కాలేదు, హ్యాంగ్ అయింది. "అదే ఆగిపోయింది సార్" అన్న మాట కంటే ఈ అంకె నమ్మకమైన సాక్షి.

బ్లూ స్క్రీన్ మెరుపులా మాయమైతే అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్టార్టప్ అండ్ రికవరీకి వెళ్లి ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్కు తీసేయండి. సీ డ్రైవ్‌లో పేజ్ ఫైల్ (ర్యామ్‌కు తోడుగా విండోస్ డిస్కు మీద వాడుకునే ఫైల్) ఆపేసి ఉంటే డంప్ ఫైల్, అంటే క్రాష్ వివరాలు దాచే ఫైల్, తయారు కాదు. డిస్కు జాగా మిగులుతుందని దాన్ని ఆపి ఉంటే తిరిగి పెట్టండి. ఫాస్ట్ స్టార్టప్ కూడా తీసేయండి. అది ఉన్నంతకాలం రాత్రి షట్‌డౌన్ చేసినా కెర్నల్ (విండోస్ మూల భాగం) నిన్నటిదే, డ్రైవర్లు నిన్నటివే. టాస్క్ మేనేజర్‌లో అప్‌టైమ్ పదిహేను రోజులు చూపిస్తుంటే కారణం ఇదే.

ఇక ర్యామ్. ఇక్కడ తొందరపడకూడదు. ముందు బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను మామూలు కంటే ఎక్కువ స్పీడుతో నడిపే సెట్టింగ్) ఆపండి. ర్యామ్ 1.35 వోల్టుల నుంచి 1.2కి, మామూలు స్పీడుకి దిగుతుంది. ఆఫీసు పనిలో తేడా కూడా తెలియదు. మా బోర్డులో నెలకు రెండు మూడుసార్లు వచ్చే 26 ఈ ఒక్క మార్పుతో ఆగింది. ఆగకపోతే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి 4 పాస్‌లు పూర్తిగా నడపాలి. ఉచిత వెర్షన్ అంతవరకు వస్తుంది, రాత్రి వదిలేసి పోతే తెల్లారేసరికి అయిపోతుంది. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే, "ఒకటేగా" అనుకోవద్దు. వస్తే ఒక్కో ర్యామ్‌ను ఒకే స్లాట్‌లో పెట్టి పరీక్షించండి, తర్వాత బాగున్నదాన్ని రెండో స్లాట్‌లో పెట్టండి. ఎర్రర్ ర్యామ్ వెంట పోతే ర్యామ్ మార్చడమే. స్లాట్ దగ్గరే ఉండిపోతే బోర్డును తిట్టే ముందు కూలర్ ఒకసారి విప్పి చూడండి. ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది. సాకెట్‌లో ఒక పిన్ను వంగినా, పలుచటి బోర్డు మీద కూలర్ ఒక మూల ఎక్కువ బిగిసినా ఒక ఛానెల్ (ర్యామ్‌కు వెళ్లే దారి) తడబడుతుంది. స్టాక్ కూలర్‌కుండే నాలుగు పుష్ పిన్‌లను మూల మార్చి మూల, ఎదురెదురుగా నొక్కాలి. బోర్డు వెనక నాలుగు తెల్ల కొసలూ సమానంగా బయటికి రావాలి. మూడే కనబడితే మీ రోగం అక్కడుంది.

ర్యామ్ పళ్లను మెత్తటి రబ్బరుతో తుడవడం పాత చిట్కానే, పనికొస్తుంది. కానీ రబ్బరు పొడి స్లాట్‌లో పడకుండా బయటే తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, పూర్తిగా ఆరాకే పెట్టండి.

బగ్‌చెక్‌కోడ్ 0 గానీ 292 గానీ పదేపదే వస్తుంటే అప్పుడు బోర్డు దగ్గరికి రండి. దీని బలహీనత ప్రాసెసర్ పక్కనున్న వీఆర్‌ఎం, అంటే ప్రాసెసర్‌కు సరిపడా వోల్టేజి తయారుచేసే భాగం. ఆ పని పంచుకునే ఫేజులు తక్కువ, అందులోని మాస్‌ఫెట్‌ల (కరెంటు స్విచ్‌ల్లా పనిచేసే చిప్‌ల) మీద హీట్‌సింక్ లేదు. 12400 మామూలు పరిమితి 65 వాట్లు, టర్బోలో 117. చవక బోర్డు బయాస్ కొన్నిసార్లు ఈ పరిమితులను ఎత్తేసి వదులుతుంది. పెద్ద ఎక్సెల్ లెక్క, దాని మీద వీడియో కాల్, పక్కన యాంటీవైరస్ స్కాన్ మూడూ కలిశాయంటే మాస్‌ఫెట్‌లు చెయ్యి కాలేంత వేడెక్కుతాయి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో పర్ఫార్మెన్స్ లిమిట్ రీజన్స్ కింద వీఆర్ థర్మల్ (వీఆర్‌ఎం వేడి) ఎదురుగా "యస్" పడిందేమో చూడండి. బయాస్‌లో పీఎల్1ను (మామూలు పరిమితి) 65కి, పీఎల్2ను (టర్బో పరిమితి) 80కి దించితే ఆఫీసు పని ఏమీ తగ్గదు, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. పై నుంచి కిందికి గాలి ఊదే స్టాక్ కూలర్ ఈ బోర్డుకు మేలు. అందంగా ఉందని టవర్ కూలర్ పెడితే ప్రాసెసర్ చల్లబడుతుంది, వీఆర్‌ఎంకి గాలి తగలదు.

పని లేనప్పుడు, అందరూ భోజనానికి లేచిన సమయంలో పడిపోతుంటే కథ వేరు. ప్రాసెసర్ గాఢ నిద్రలోకి పోయి లేచేటప్పుడు వోల్టేజి తడబడుతుంది. బయాస్‌లో సీ-స్టేట్స్ (ఆ నిద్ర దశల సెట్టింగ్) ఒక వారం ఆపి చూడండి. కరెంటు కొంచెం ఎక్కువ లాగుతుంది, పరీక్షకు పర్వాలేదు. క్రాష్ ఆగితే ముందు బయాస్ అప్‌డేట్ చేసి, సీ-స్టేట్స్ తిరిగి ఆన్ చేయండి. ర్యామ్ పరీక్ష పాస్ కాకుండా మాత్రం బయాస్ అప్‌డేట్ జోలికి పోవద్దు. చెడ్డ ర్యామ్‌తో ఫ్లాష్ చేస్తే (కొత్త బయాస్ ఎక్కిస్తే) మధ్యలో ఆగిపోయి బోర్డే పోవచ్చు. పాడైన బయాస్‌ను తిరిగి ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఇలాంటి చవక బోర్డులు చాలావాటిలో ఉండదు.

ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానముంటే మల్టీమీటర్‌తో లోడ్ ఉన్నప్పుడు కొలవండి. 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్యలో, 5 వోల్టులది 4.75 నుంచి 5.25 మధ్యలో ఉండాలి. సాఫ్ట్‌వేర్ చూపే వోల్టేజీని నమ్మొద్దు. మీటర్ బాగుందన్నంత మాత్రాన కూడా ఎస్‌ఎంపీఎస్ నిర్దోషి కాదు. రెప్పపాటులో పడి లేచే వోల్టేజి మీటర్‌కు చిక్కదు, మంచిదని తెలిసిన మరో ఎస్‌ఎంపీఎస్ పెట్టి వారం నడపడమే తేలిక దారి. అది చేసేలోపు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది: ముందు ప్యానెల్ నుంచి వచ్చే రీసెట్ స్విచ్ వైరు పీకేయండి. దుమ్ము పట్టి లోపలికి నొక్కుకుపోయిన స్విచ్ కూడా బగ్‌చెక్‌కోడ్ 0 తోనే రీస్టార్ట్ చేస్తుంది.

డిస్కు సంగతి చిన్నది. పడిపోయే ముందు అర నిమిషం అన్నీ బిగుసుకుపోయి, ఈవెంట్ వ్యూయర్ లాగ్‌లో 129 గానీ 153 గానీ నంబరు ఎంట్రీ ఉంటే సాటా కేబుల్ (డిస్కును బోర్డుకు కలిపేది) మార్చండి. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ వివరాల్లో 199వ వరస పెరుగుతుంటే కేబులే, 5వది, 197వది పెరుగుతుంటే డిస్కే.

చవక బోర్డుతో కుదిరే ఒప్పందం ఇది: 65 వాట్ల ప్రాసెసర్, ఎక్స్‌ఎంపీ లేదు, స్టాక్ కూలర్. ఈ మూడింటికీ ఒప్పుకుంటే రోజంతా కిక్కురుమనదు. రెండేళ్లకోసారి బోర్డు మీదున్న సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మాత్రం కొలవండి. 2.8 వోల్టుల కిందికి దిగితే మార్చేయండి. అది చచ్చిపోయి, స్విచ్ బోర్డు దగ్గర పవర్ తీశారంటే బయాస్ మొదటికి వస్తుంది, మీరు దించిన 65, 80 అంకెలు కూడా దానితో పాటే పోతాయి.